వసంతంలో ఒంటరిగా అడవి దారిన: ఫ్రీ హీల్ స్కీ టూర్‌కు సమగ్ర మార్గదర్శి

ఫ్రీ హీల్ స్కీలో బూటు ముందు భాగం మాత్రమే స్కీకి బిగిసి ఉంటుంది. మడమ స్వేచ్ఛగా పైకి లేస్తుంది. కాబట్టి వీటితో చదును నేల మీద నడవొచ్చు, కొండ ఎక్కొచ్చు, అవే స్కీల మీద జారుతూ దిగి రావొచ్చు. లిఫ్ట్ టికెట్ అక్కర్లేదు, క్యూలో నిలబడక్కర్లేదు. మార్చి చివర్లో, ఏప్రిల్‌లో రిసార్టుల్లో జనం పలచబడతారు. సియాటిల్‌కు తూర్పున ఉన్న క్యాస్కేడ్ కొండల అడవుల్లో మాత్రం చాలా ఏళ్లు అప్పటికింకా మంచి మంచు మిగిలే ఉంటుంది. పగలు పొడవు, చలి తక్కువ, పక్షుల కూతలు మొదలై ఉంటాయి. నా దృష్టిలో సంవత్సరం మొత్తంలో ఇంతకు మించిన స్కీ సీజన్ లేదు.

బెల్‌వ్యూ, రెడ్‌మండ్, ఇసాక్వా వైపు ఉండే మన తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఉదాహరణగా తీసుకున్న కొండ అమాబిలిస్. ఇసాక్వా మీదుగా వెళ్లే ఐ-90 హైవే మీదే, స్నోక్వాల్మీ పాస్ దాటాక వస్తుంది. పద్ధతి మాత్రం ఏ కొండ అడవికైనా పనికొస్తుంది.

ఒంటరి టూర్‌లో పెద్ద నిర్ణయాలన్నీ ఇంట్లో, మ్యాప్ ముందు కూర్చున్నప్పుడే అయిపోవాలి. కొండ మీద పక్కన ఉండి "ఇక చాల్లే, తిరిగిపోదాం" అనేవాళ్లు ఉండరు. శిఖరం కనబడుతుంటే ఇంకాస్త వెళ్దామనే అనిపిస్తుంది. అందుకే ఇక్కడ స్కీయింగ్ కంటే దారి, టైమ్, మంచు గురించే ఎక్కువ చెప్తాను.

ముందు మిమ్మల్ని మీరు అడగాల్సినవి

వెళ్లాలనుకున్న దారిలో ఇంతకు ముందు ఎవరితోనైనా కలిసి వెళ్లారా? గట్టి ఐసు మీద స్కీలను ముందు దగ్గరగా, వెనుక వెడల్పుగా పెట్టి ఆగగలరా? బ్యాగు వీపున ఉండగా పడిపోతే లేవగలరా? ఫోన్ చార్జింగ్ అయిపోయినా కాగితం మ్యాప్ చూసి కారు దాకా రాగలరా? వీటిలో ఒక్కదానికి "లేదు" అన్నా ఈ సీజన్‌కు తోడుతోనే వెళ్లండి. 1906లో సియాటిల్‌లో మొదలైన ది మౌంటెనీర్స్ సంస్థ ఇప్పటికీ స్కీ టూరింగ్ నేర్పుతోంది. మంచు చరియల గురించి చెప్పే లెవెల్ 1 కోర్సు కూడా చేయండి. మూడు రోజుల్లో అయిపోతుంది, కొండను చూసే తీరే మారిపోతుంది.

ఆ కోర్సులో బీకన్ వాడటం నేర్పుతారు. మంచు కింద కూరుకుపోయిన మనిషిని వెతికే రేడియో అది. అయితే వెతకడానికి పైన ఇంకో మనిషి ఉండాలి. ఒంటరిగా వెళ్లినవాళ్లను ఆ బీకన్ బతికించలేదు. పైగా మామూలు త్రీ పిన్ బైండింగులు, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులు, మనం పడినప్పుడు వాటంతటవే ఊడవు. చరియలో చిక్కితే స్కీలు కాళ్లకే ఉండి మనిషిని కిందికి లాగుతాయి. కాబట్టి ఒంటరి ఫ్రీ హీల్ టూర్‌లో చరియలు పడే నేల మీదకు అసలు వెళ్లకూడదు. దీనికి మినహాయింపులు పెట్టుకోవద్దు.

స్కీలు, బూట్లు, బైండింగులు

19వ శతాబ్దంలో నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో, మోర్గెడాల్ అనే చోట సోంద్రె నూర్‌హైమ్ అనే పేద రైతు ఉండేవాడు. మెలితిప్పిన విల్లో కొమ్మలను మడమ చుట్టూ కట్టి, స్కీ మీద పాదం కదలకుండా బిగించేవాడు. మడమ లేస్తూనే స్కీ అదుపులో ఉండేది. 1868లో ఆయన క్రిస్టియానియాకు, అంటే నేటి ఓస్లోకు, వెళ్లి పోటీలో చూపించిన మలుపే టెలిమార్క్ టర్న్‌గా పేరు పడింది. 1884లో ఆయన అమెరికాకు వలస వచ్చాడు, 1897లో నార్త్ డకోటాలో చనిపోయాడు. ఒక మోకాలు ముందుకు వంచి, వెనుక మడమ లేపి తిరిగే ఆ మలుపుతోనే మనం ఇవాళ ఈ అడవి రోడ్డు దిగుతాం.

ఇప్పుడు కొనాల్సింది ఏమిటి? అడవి రోడ్లకు, తక్కువ వాలు కొండలకు పాదం కింద 60 నుంచి 70 మిల్లీమీటర్ల వెడల్పు, స్టీల్ అంచులు, అడుగున చేప పొలుసుల్లాంటి గాట్లు ఉన్న స్కీలు చాలు. ఫిషర్ కంపెనీ ఎస్-బౌండ్ 98 ఈ రకానిదే, పాదం కింద 69 మిల్లీమీటర్లు. పొలుసులు ముందుకు జారనిస్తాయి, వెనక్కి జారకుండా పట్టుకుంటాయి. స్టీల్ అంచు లేని సన్నటి ట్రాక్ స్కీలు మాత్రం వద్దు. ఉదయం గడ్డకట్టిన మంచు మీద అవి గాజు మీద పెట్టినట్టే ఉంటాయి.

బైండింగ్‌లో రెండు దారులున్నాయి. ఒకటి పాత 75 మిల్లీమీటర్ల త్రీ పిన్. బూటు ముందు అంచులోని మూడు రంధ్రాల్లో మూడు పిన్నులు దూరతాయి, పైన ఒక క్లిప్ నొక్కి పెడుతుంది. రెండోది ఎన్‌ఎన్‌ఎన్ బీసీ. బూటు ముందు ఉండే లోహపు కడ్డీ అందులో ఇరుక్కుంటుంది. నడకకు రెండోదే సుఖం. నేను మాత్రం ఒంటరిగా వెళ్లేటప్పుడు త్రీ పిన్‌కే ఓటు వేస్తాను. అందులో కదిలే భాగాలు తక్కువ, ఐసు పట్టినా పుల్లతో గీకి శుభ్రం చేయొచ్చు, విరిగినా పట్టీతో కట్టుకుని ఇంటికి రావొచ్చు. ఎన్‌ఎన్‌ఎన్ బీసీలో కడ్డీ కూర్చునే గాడిలో ఐసు చేరితే తీయడానికి చాలా తిప్పలు పడాలి.

వ్యాక్స్ సంగతి. నార్వే వాళ్లు పొలుసుల్లేని నున్నటి స్కీల మీద ఉష్ణోగ్రతకు తగ్గ వ్యాక్స్ రాసి ఎక్కుతారు. పొడి చలిలో అది చాలా బాగా పనిచేస్తుంది. వసంతంలో ఉదయం మైనస్ 3, మధ్యాహ్నం ప్లస్ 8 డిగ్రీలు ఉండే రోజున వ్యాక్స్ మార్చుకుంటూ కూర్చోవాలి. తడిసి మళ్లీ గడ్డకట్టిన గరుకు మంచుకు క్లిస్టర్ అనే జిగురు ఉంది. పట్టు అద్భుతం. కానీ ఏప్రిల్ అడవిలో మంచు మీద ఫర్ చెట్ల ఆకులు, నాచు ముక్కలు, బెరడు పొట్టు రాలి ఉంటాయి. క్లిస్టర్ రాసిన స్కీకి అవన్నీ అతుక్కుంటాయి. అడవికి పొలుసుల స్కీ, దానికి తోడు బ్యాగులో ఒక జత స్కిన్స్, ఇదే నా సలహా. స్కిన్స్ అంటే స్కీ అడుగున అంటించే బొచ్చు పట్టీలు. ఒకప్పుడు సీల్ చర్మంతో చేసేవాళ్లు, ఇప్పుడు నైలాన్‌తో గానీ మోహెయిర్ అనే మేక ఊలుతో గానీ చేస్తారు.

దారి ఎంచుకోవడం

కాల్‌టోపో లాంటి మ్యాప్‌లో వాలు కోణాన్ని రంగుల్లో చూపించే సదుపాయం ఉంది. అది ఆన్ చేసి దారి గీయండి. చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద జారతాయి. మీ దారి 25 డిగ్రీలు దాటకూడదు. ఇది అందరికీ తెలిసిందే. చాలామంది మర్చిపోయేది రెండో భాగం: మీ దారికి పైన కూడా నిటారు వాలు ఉండకూడదు. మీరు నిలబడ్డ చోటు చదునే కావచ్చు, పైనుంచి జారిన మంచు అక్కడికే వచ్చి ఆగుతుంది.

అడవిలో ఉన్నాం కదా, చెట్లు ఆపేస్తాయిలే అని ధీమా పడొద్దు. మీరు సుఖంగా స్కీ చేయగలిగినంత ఎడం చెట్ల మధ్య ఉంటే మంచుకూ ఆ ఎడం చాలు. చెట్లకు కొండపై వైపు కొమ్మలు విరిగిపోయి, కింది వైపువి మాత్రమే మిగిలి ఉంటే అక్కడ ఏటా మంచు జారుతోందని అర్థం. అలాంటి చోట ఆగకండి, భోజనానికి అస్సలు కూర్చోకండి.

ఈ లెక్కన అమాబిలిస్ మంచి ఎంపిక. ఐ-90 మీద 63వ ఎగ్జిట్ దగ్గర క్యాబిన్ క్రీక్ స్నో పార్క్ (చలికాలంలో కార్లు ఆపుకునే చోటు) ఉంది. అక్కడి నుంచి అటవీ శాఖ రోడ్డు మెలికలు తిరుగుతూ కొండ ఎక్కుతుంది. మధ్యలో రెండుగా చీలి పైన రిడ్జ్ (కొండ వెన్ను) మీద మళ్లీ కలుస్తుంది. రానూ పోనూ దాదాపు 13 కిలోమీటర్లు, ఎక్కేది సుమారు 650 మీటర్లు, అంటే 2,100 అడుగుల పైచిలుకు. పైనుంచి కచీస్, కీచలస్ సరస్సులు, ఆకాశం తేటగా ఉంటే రేనియర్ పర్వతం కనిపిస్తాయి. రోడ్డే దారి కాబట్టి తప్పిపోయే అవకాశం తక్కువ. ఏదైనా జరిగితే ఎవరైనా వెతుక్కుంటూ రావడానికీ సులువు. ఇంకో కారణం కూడా ఉంది. క్యాస్కేడ్ శ్రేణికి తూర్పు వైపు గాలి కాస్త పొడిగా ఉంటుంది, రాత్రి మేఘాలు తక్కువ. అది ఎందుకు ముఖ్యమో కింద చెప్తాను.

చుట్టు దారిలో వెళ్లి వేరే వైపు నుంచి దిగాలని అనిపిస్తుంది. మొదటిసారి ఒంటరిగా వెళ్తుంటే ఎక్కిన దారినే దిగండి. ఎక్కేటప్పుడు ఎక్కడ ఐసు ఉందో, ఎక్కడ చెట్టు కూలి అడ్డంగా పడిందో, ఎక్కడ నేల తేలిందో చూసే వచ్చారు. దిగేటప్పుడు ఆ జ్ఞాపకం ఎంతో పనికొస్తుంది.

టైమ్ లెక్క

స్విట్జర్లాండ్ గైడ్ వెర్నర్ ముంటర్ పేరు మీద ఒక సులువైన లెక్క ఉంది. ఒక వైపు దూరం కిలోమీటర్లలో తీసుకోండి. ఎక్కే ఎత్తును మీటర్లలో తీసుకుని 100తో భాగించండి. రెండూ కలపండి. ఎక్కడానికైతే ఆ మొత్తాన్ని 4తో, స్కీల మీద దిగడానికైతే 10తో భాగించండి. అమాబిలిస్‌కు 6.5 కిలోమీటర్లు, 650 మీటర్లకు 6.5, మొత్తం 13. ఎక్కడానికి మూడుంపావు గంటలు, దిగడానికి గంటా ఇరవై నిమిషాలు. విశ్రాంతి, ఫొటోలు, స్కిన్ సర్దుకోవడం ఇందులో లేవు, వాటికి ఇంకో గంట కలపండి.

ఇప్పుడు వెనక నుంచి లెక్కేయండి. ఏప్రిల్ మధ్యలో ఇక్కడ సూర్యోదయం దాదాపు 6:20కి. ఎండ ఉన్న రోజు పదకొండు దాటాక ఎండ వైపు మంచు మెత్తబడి పాడవడం మొదలవుతుంది. 6 గంటలకు స్కీలు తొడుక్కుంటే ఆగుతూ వెళ్లినా పదింటికల్లా పైన ఉంటారు. 10:30 తిరుగు టైమ్. శిఖరం వంద మీటర్ల దూరంలోనే ఉన్నా 10:30కి తిరగాలి. ఈ టైమ్‌ను కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి. రాసిచ్చిన మాటను మార్చుకోవడం కష్టం, అదే మీకు రక్ష.

వసంతపు మంచు ఎలా పనిచేస్తుంది

వసంతంలో మంచు పగలు కరుగుతుంది, రాత్రి గడ్డకడుతుంది. ఇలా రోజుల తరబడి జరిగితే కణాలు పెద్దవై రాళ్లుప్పు పలుకుల్లా తయారవుతాయి. దీన్ని కార్న్ స్నో అంటారు. తెల్లవారుజామున ఇది కాంక్రీటులా గట్టిగా ఉంటుంది. ఎండ తగిలి పైన రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడినప్పుడు దాని మీద స్కీ అలవోకగా తిరుగుతుంది. కొత్తవాళ్లకు కూడా టెలిమార్క్ టర్న్ వచ్చేసినట్టే ఉంటుంది. ఇంకా ఆలస్యమైతే అంతా తడి ముద్ద. ఆ మధ్యలో దొరికే గంటా రెండు గంటల కోసమే ఈ ప్లానంతా.

కాబట్టి ముందు రోజు రాత్రి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ రాత్రి మంచు గడ్డకడుతుందా? గాలి ఉష్ణోగ్రత చూస్తే చాలదు. ఆకాశం తేటగా, గాలి పొడిగా ఉంటే మంచు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. అప్పుడు గాలి రెండు డిగ్రీలు ప్లస్‌లో ఉన్నా పైపొర గడ్డకడుతుంది. మేఘం కమ్మితే ఆ వేడి తిరిగి కిందికే వస్తుంది, సున్నా డిగ్రీలున్నా మంచు మెత్తగానే మిగులుతుంది. అందుకే ఉష్ణోగ్రతతో పాటు మేఘాల అంచనా కూడా చూడాలి. శ్రేణికి తూర్పు వైపు కొండను ఎంచుకున్నది ఇందుకే.

ఇక్కడ అడవి ఇంకో చిక్కు తెస్తుంది. కొమ్మల కప్పు కూడా మేఘంలాగే పనిచేస్తుంది. తేట రాత్రి పక్కన ఉన్న బయలు గట్టిగా గడ్డకట్టినా దట్టమైన చెట్ల కింద మంచు సగమే గడ్డకడుతుంది. పైన పలుచని పెంకు, కింద మెత్తన. బయలులో హాయిగా జారుతూ వచ్చి చెట్ల నీడలోకి వెళ్లగానే స్కీ పెంకు పగలగొట్టుకుని కూరుకుపోతుంది, మనిషి ముందుకు తూలతాడు. నీడలోకి వెళ్లే ముందే వేగం తగ్గించండి. ఒక పాదం కాస్త ముందుకు పెట్టి మోకాళ్లు వంచి ఉంచండి. మడమ బిగిసి లేదు కాబట్టి ముందుకు తూలడం ఈ స్కీల సహజ బలహీనత, దానికి ఈ ముందు వెనుక పాదాల భంగిమే విరుగుడు.

వాలు ఏ దిక్కుకు చూస్తోందన్నది కూడా లెక్కే. తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, తర్వాత పడమర. ఉత్తరం వైపు మధ్యాహ్నం దాకా గట్టిగానే ఉండొచ్చు. మెలికల రోడ్డు మీద ఒక్కో మలుపులో ఒక్కో మంచు తగిలేది ఇందుకే.

స్నోక్వాల్మీ ప్రాంతంలో నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ వాతావరణ పరికరాలు నడుపుతుంది, గంటగంటకూ ఉష్ణోగ్రతలు ఇస్తుంది. బయల్దేరే ముందు, ఉదయం నాలుగింటికి అవి చూడండి. రాత్రంతా మేఘాలతో ప్లస్‌లోనే ఉందంటే మళ్లీ పడుకోండి. ఆ సెంటర్ మంచు చరియల ప్రమాదాన్ని అయిదు స్థాయిల్లో చెప్తుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లకు నేను పెట్టే హద్దు రెండో స్థాయి, మోడరేట్. అది కూడా తక్కువ వాలు దారికే. సీజన్ చివర్లో రోజువారీ అంచనాలు ఆగిపోతాయి. అంచనా రాలేదంటే ప్రమాదం లేదని కాదు, అప్పుడు ఇంకా తక్కువ వాలు దారి ఎంచుకోవాలి. వర్షం పడి గడ్డకట్టని రోజున మాత్రం ఏ దారీ వద్దు.

కొండ మీద కొన్ని గుర్తులుంటాయి. వాలు మీంచి చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లుతూ వస్తున్నాయంటే ఎండ పని మొదలుపెట్టింది. స్కీ విప్పి ఒక అడుగు వేయండి. బూటు పాదం వరకే దిగితే ఇంకా టైమ్ ఉంది. చీలమండ దాటి దిగితే, ఎంత పొద్దున్నయినా సరే, వెనక్కి తిరగండి.

ముందు రోజు సాయంత్రం

స్నో పార్క్ పర్మిట్ కారు అద్దానికి పెట్టుకోవాలి. గ్రూమింగ్ చేసే, అంటే యంత్రంతో మంచును చదును చేసే, ట్రెయిల్స్ దగ్గర అదనపు స్టిక్కర్ కూడా అడుగుతారు. రాష్ట్ర పార్కుల సైట్‌లో చూసి తీసుకోండి.

ఇంట్లో ఇచ్చే కాగితంలో దారి, కారు నంబరు, తిరుగు టైమ్, కారు దగ్గరికి చేరే టైమ్, ఎన్నింటి దాకా కబురు రాకపోతే 911కి ఫోన్ చేయాలన్నది రాయండి. వాషింగ్టన్ రాష్ట్రంలో గాలింపు బాధ్యత ఆ కౌంటీ షెరీఫ్‌ది. అమాబిలిస్ ఉన్నది కిట్టిటాస్ కౌంటీలో, సియాటిల్ ఉన్నది కింగ్ కౌంటీలో. కాబట్టి కౌంటీ పేరు కూడా రాయాలి. మనవాళ్లలో చాలామంది "అమ్మకు చెప్పి వెళ్తున్నా" అంటారు. అమ్మ విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఉంటుంది. ఏప్రిల్‌లో ఇక్కడికీ అక్కడికీ పన్నెండున్నర గంటల తేడా. మనం దిగేసరికి అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. ఇండియా నుంచి 911 కొడితే ఇక్కడి పోలీసులకు వెళ్లదు. పెద్దవాళ్లకు టెన్షన్ తప్ప ఒరిగేదేమీ ఉండదు. ఇదే రాష్ట్రంలో ఉన్న స్నేహితుడికో అక్కకో కాగితం ఇవ్వండి, ఎన్నింటికి ఏం చేయాలో వాళ్లతో తిరిగి చెప్పించుకోండి.

బ్యాగులో: కాగితం మ్యాప్, దిక్సూచి, హెడ్‌ల్యాంప్, అదనపు ఉన్ని పొర, పల్చని డౌన్ జాకెట్, వాన జాకెట్, అగ్గిపెట్టె, ఫస్ట్ ఎయిడ్, కూర్చోవడానికి ఒక ఫోమ్ ముక్క, అత్యవసర సంచి (ఒంటి వేడి పోకుండా లోపలికి దూరేది), శాటిలైట్ మెసెంజర్ (ఫోన్ సిగ్నల్ లేని చోట సందేశం పంపే పరికరం). ఒంటికి కాటన్ వద్దు, చెమటకు తడిస్తే ఆరదు. నీళ్లు రెండు లీటర్లు. ఫ్లాస్కులో వేడి చారు పోసుకెళ్లండి. ఉప్పు, వేడి, కడుపుకు హాయి మూడూ దొరుకుతాయి. తినడానికి పల్లీ చిక్కీ, చపాతీ చుట్టలు మంచివి. పులిహోర చలికి బిగుసుకుపోయి చేతి తొడుగులతో తినడం కష్టమవుతుంది.

కళ్లద్దాలు మర్చిపోతే టూర్ రద్దు చేసుకోండి. ఎత్తుకు వెళ్లేకొద్దీ అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి. శుభ్రమైన మంచు వాటిలో ఎక్కువ భాగాన్ని తిరిగి కంటిలోకే కొడుతుంది. గడ్డం కిందా ముక్కు రంధ్రాల అంచులకూ కూడా సన్‌స్క్రీన్ రాయండి. రంగు ముదురుగా ఉన్న చర్మం కూడా కమిలిపోతుంది.

ఎక్కడం

మొదటి అరగంట కావాలనే నెమ్మదిగా వెళ్లండి. చెమట పట్టేలోపే ఒక పొర తీసేయండి. పొలుసుల స్కీతో ఎక్కేటప్పుడు బరువు సరిగ్గా పాదం కిందే పడాలి, అప్పుడే పొలుసులు మంచులో దిగబడతాయి. ముందుకు వంగితే వెనక్కి జారతారు. అడుగు చిన్నది చేయండి, స్కీని మంచు మీద కాస్త చప్పుడయ్యేలా వేయండి. ఇంకా జారుతుంటే స్కీ ముందు కొనలు వెడల్పుగా, వెనుక కొనలు దగ్గరగా పెట్టి లోపలి అంచుల మీద ఎక్కండి. పది నిమిషాలకు మించి అలా ఎక్కాల్సి వస్తే ఆగి స్కిన్స్ అంటించండి. తొడల బలం దిగడానికి కావాలి, ఇక్కడే ఖర్చు చేయొద్దు.

నీడ నుంచి ఎండలోకి, ఎండ నుంచి నీడలోకి మారేటప్పుడు స్కిన్స్ కింద మంచు గడ్డలు పేరుకుంటాయి. తడిసిన బొచ్చు చల్లని మంచును పట్టేసుకుంటుంది కాబట్టి. ఇంటి దగ్గరే స్కిన్ వ్యాక్స్ రుద్దండి, ఒక ముక్క జేబులో ఉంచుకోండి. పేరుకున్నాక కాలు విదిలిస్తే పోదు. స్కీ విప్పి, గీకి, వ్యాక్స్ రుద్ది మళ్లీ తొడుక్కోవాలి.

గ్రూమింగ్ చేసిన భాగంలో ట్రాక్ గాడుల మీద నడవకండి, పక్కనుంచి వెళ్లండి.

చెట్లు, వాగులు, రిడ్జ్

ముదురు చెట్టు మొదలు చుట్టూ వసంతంలో గొయ్యి ఏర్పడుతుంది. చెట్టు వేడికి మంచు కరిగి, కొన్నిచోట్ల మనిషి లోతు దాకా. కొత్త మంచు పడిన మర్నాడు కొమ్మలు ఆ గోతిని కప్పేసి ఉంటాయి. తలకిందులుగా పడితే ఒంటరి మనిషి బయటకు రావడం చాలా కష్టం. చెట్టు కొమ్మల చివరలు ఎక్కడిదాకా ఉన్నాయో ఆ గీతకు బయటే ఉండండి. చెట్ల మధ్య స్కీ పోల్స్ పట్టీలు మణికట్టుకు వేసుకోవద్దు, పోల్ కొమ్మకు తగులుకుంటే భుజం గుంజుకుపోతుంది. ఎండెక్కాక కొమ్మల మీది తడి మంచు ముద్దలు ధబ్‌మని పడతాయి, వాటి కింద కూర్చోకండి.

వాగుల మీది మంచు వంతెనలు రోజురోజుకూ పలుచబడతాయి. ఉదయం మోసిన వంతెన మధ్యాహ్నం మోయకపోవచ్చు. కింద నీటి చప్పుడు వినిపిస్తే, మధ్యలో మంచు కుంగినట్టు కనిపిస్తే దాటొద్దు. రోడ్డు కల్వర్టు ఉన్న చోటే దాటండి.

రిడ్జ్‌కు చేరాక అంచుదాకా వెళ్లి సరస్సు చూడాలనిపిస్తుంది. గాలికి పేరుకున్న మంచు అంచు దాటి చూరులా వేలాడుతుంది. పైనుంచి చూస్తే అదీ నేలలాగే ఉంటుంది. చెట్లు ఉన్నంత వరకే వెళ్లి ఆగండి.

దిగడం

తిరుగు టైమ్ అయింది. స్కిన్స్ తీసి మడిచి జాకెట్ లోపల పెట్టుకోండి, జిగురు వెచ్చగా ఉంటే మళ్లీ అంటుతుంది. బూటు లేసులు బిగించండి, బ్యాగు నడుము పట్టీ బిగించండి.

రోడ్డు ఇంకా గట్టిగా ఉంటే తొందరపడకండి, పావుగంట ఎండలో చారు తాగండి. టెలిమార్క్ మలుపుకు ముందు మలుపు బయటి వైపు స్కీని ముందుకు జార్చి, రెండు మోకాళ్లూ వంచి, వెనుక మడమ లేపాలి. కొత్తవాళ్లు బరువంతా ముందు కాలి మీదే వేస్తారు, వెనుక స్కీ తేలిపోయి అడ్డం తిరుగుతుంది. వెనుక పాదం వేళ్ల కింద స్కీ నొక్కుకుపోవడం తెలియాలి, బరువులో దాదాపు సగం అక్కడ ఉండాలి. వెనుక పాదం మరీ దూరం పోనీయకండి, తుంటి కిందే ఉంచండి.

ఇరుకు రోడ్డు మీద, పాత అడుగుల గుంతల మధ్య టెలిమార్క్ కోసం పట్టుపట్టొద్దు. స్కీ కొనలు దగ్గరకు తెచ్చి బ్రేకు వేసుకుంటూ దిగండి. నిటారుగా, ఐసుగా ఉన్న తునకలో స్కిన్స్ మళ్లీ అంటించుకుని వాటితోనే దిగండి, అవి వేగాన్ని పట్టి ఉంచుతాయి. చూసేవాళ్లెవరూ లేరు. అయినా ఎవరో చూస్తున్నట్టు దిగాలనే కోరికే ఒంటరివాళ్ల మోకాళ్లను విరగ్గొడుతుంది. చెట్ల మధ్యకు వెళ్తే అడ్డంగా జారి, ఆగి, నిలబడిన చోటే ఒక్కో స్కీ తిప్పుకుని, మళ్లీ అడ్డంగా జారండి.

పడితే ముందు రెండు స్కీలనూ వాలుకు అడ్డంగా, మీకు కింది వైపుకు తెచ్చుకోండి. బ్యాగు విప్పేయండి. అప్పుడు లేవండి.

ఏదైనా విరిగితే

స్కీ పోయిన మనిషి తడి మంచులో ఒక్కో అడుగుకూ మోకాలు దాకా దిగబడతాడు. ఆరు కిలోమీటర్లు అలా నడవడానికి మిగిలిన పగలంతా పట్టొచ్చు. ఉదయం టూర్ అయినా హెడ్‌ల్యాంప్ ఉండాలన్నది ఇందుకే. రిపేర్ సంచిలో సాగే రబ్బరు స్కీ పట్టీలు నాలుగు, డక్ట్ టేప్, బైండింగ్ తీగ, అదనపు స్క్రూలు, పోజిడ్రైవ్ 3 సైజు బిట్ ఉన్న చిన్న స్క్రూడ్రైవర్ పెట్టుకోండి. బైండింగ్ స్క్రూలకు మామూలు ప్లస్ బిట్ సరిగ్గా పట్టదు. స్క్రూ రంధ్రం వదులైపోతే కాస్త స్టీల్ ఉన్ని దూర్చి మళ్లీ బిగించండి, కారు దాకా నిలుస్తుంది. త్రీ పిన్ క్లిప్ విరిగితే బూటు ముందు భాగాన్ని స్కీకి కలిపి పట్టీతో గట్టిగా చుట్టండి.

కాలికి దెబ్బ తగిలి నడవలేకపోతే మొదటి పని ఫోన్ కాదు. ఫోమ్ ముక్క మీద కూర్చుని, ఉన్న బట్టలన్నీ వేసుకుని, అత్యవసర సంచిలోకి దూరండి. ఒళ్లు చల్లబడ్డాక బుద్ధి సరిగా పనిచేయదు. ఆ తర్వాత సందేశం పంపండి. దట్టమైన కొమ్మల కింద శాటిలైట్ సిగ్నల్ నానా తంటాలు పెడుతుంది, ఆకాశం కనిపించే చోటికి పాక్కుంటూనైనా జరగండి. ఎక్కడున్నారు, ఏమైంది, ఎంత కదలగలరు, ఒంటరిగా ఉన్నారా, ఇవన్నీ మొదటి సందేశంలోనే ఉండాలి.

కారు దగ్గర

ముందు ఇంట్లో కాగితం ఉన్నవాళ్లకు "దిగాను" అని పంపండి. సిగ్నల్ లేకపోతే మెసెంజర్‌తోనే పంపండి, హైవే ఎక్కాక పంపుదామని వాయిదా వేయొద్దు. స్కీ అంచులు తుడవండి, ఆ రాత్రికే తుప్పు పట్టేస్తాయి. స్కిన్స్‌ను ఇంట్లో నీడలో వేలాడదీయండి. హీటర్ దగ్గర ఆరబెడితే జిగురు కరిగి బొచ్చులోకి దిగుతుంది. తోలు బూట్లయితే లోపల న్యూస్‌పేపర్ కూరి, గంటకోసారి మార్చండి. మ్యాప్ ఆరకముందే దాని మీద ఏ మలుపులో ఏ టైమ్‌కు మంచు ఎలా ఉందో పెన్సిల్‌తో రాసుకోండి, వచ్చే వారం ప్లాన్ వేసేటప్పుడు అదే మొదట తీయాల్సిన కాగితం.